బడిపంతులుకు పుస్తకం చేరిన దారులు: బళ్ళారి నివేదిక నుండి నల్లబల్ల పథకం వరకు

వ్యాససంగ్రహం

తెలుగు పాఠ్యపుస్తకం గురించీ, దాని భాష గురించీ విస్తృతమైన చర్చ జరిగింది. ఆ పాఠ్యపుస్తకానికి వెలుపల ఉపాధ్యాయుడికీ విద్యార్థికీ ఏ పుస్తకాలు దొరికాయి, ఎవరి ద్వారా దొరికాయి అన్న ప్రశ్నకు మాత్రం తగినంత పరిశీలన దక్కలేదు. 1823 నాటి బళ్ళారి కలెక్టరు నివేదిక మొదలుకొని విజ్ఞానచంద్రికా మండలి, గ్రంథాలయోద్యమం, గిడుగు సవర వాచకాలు, బాలల పత్రికల మీదుగా ఆ ప్రశ్నను ఈ వ్యాసం అనుసరిస్తుంది. అచ్చు వచ్చాక పుస్తకాల సంఖ్య పెరిగినా బడిలో పఠనవైవిధ్యం తగ్గిందనీ, ఆ వైవిధ్యాన్ని తిరిగి తెచ్చినవారు చాలావరకు విద్యాశాఖకు వెలుపలివారనీ, వారి కృషికీ తరగతి గదికీ మధ్య వంతెన కట్టే పని వ్యక్తులకే మిగిలిపోయిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వీధిబడి, బాలశిక్ష, పఠనసామగ్రి, విజ్ఞానచంద్రికా మండలి, గ్రంథాలయోద్యమం, గిడుగు రామమూర్తి, పాఠశాల గ్రంథాలయం.

ఉపోద్ఘాతం

బడిలో పాఠ్యపుస్తకంతోపాటు కథలు, పాటలు, శాస్త్రవిషయాల చిన్న పుస్తకాలు, బొమ్మలు ఉండాలన్న ఆలోచన ఇటీవలిదని ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో తరచుగా వినిపిస్తుంది. 1980లలో బ్రిటిష్ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకంతోనే (ఉపాధ్యాయులు ‘అప్పెప్’ అని పిలుచుకున్నదే) అది మన బడుల్లోకి వచ్చిందని చాలామంది నమ్మకం. ఆ పథకం చేసిన మేలును కాదనవలసిన పని లేదు. అయితే దానికి నూటయాభై ఏళ్ళకు పైగా ముందే తెలుగు వీధిబడిలో ఏ పుస్తకాలున్నాయి, ఏవి లేవు, ఎందుకు లేవు అని ఒక అధికారి వివరంగా రాసిపెట్టాడు. చర్చను అక్కడ మొదలుపెట్టడం న్యాయం.

బళ్ళారి నివేదిక చెప్పినది

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్య స్థితిగతులపై జిల్లా కలెక్టర్ల నుంచి సమాచారం కోరాడు. వచ్చిన జవాబుల్లో చాలావరకు అంకెల పట్టికలే. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక అలాంటిది కాదు. అతను అప్పటికే తెలుగు వ్యాకరణాన్ని, నిఘంటువును ఇంగ్లీషులో రచించినవాడు. భాష తెలిసినవాడు గనుక బడిలోకి తొంగిచూసినప్పుడు పిల్లల తలలను లెక్కపెట్టడంతో ఆగక వాళ్ళ చేతుల్లో ఏముందో చూశాడు.

నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసివున్న ఆనాటి బళ్ళారి జిల్లాలో 533 బడులున్నాయి. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మిగిలినవి మరాఠీ, పారశీకం, తమిళం, సంస్కృతం, ఇంగ్లీషు బడులు. మొత్తం పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. ధర్మపాల్ 1983లో ఈ నివేదికలను సంకలనం చేసి ప్రచురించిన తరువాత వలసపాలనకు ముందు మన విద్య వర్ధిల్లిందా లేదా అన్న వాదం ఈ అంకెల చుట్టూ తిరిగింది. బడుల సంఖ్య మీద సాగినంత చర్చ బడిలోని పుస్తకాల మీద సాగలేదు. నా దృష్టిలో ఆ నివేదికలో విలువైన భాగం పుస్తకాలను గురించినదే.

పిల్లవాడు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. తరువాత బొగ్గుపొడి, అన్నం కలిపి పూసిన చెక్కపలక మీదనో, గంజి పట్టించి మడతలు పెట్టి మసిపూసిన గుడ్డ కడితం మీదనో బలపంతో రాసేవాడు. తడిగుడ్డతో తుడిస్తే పలక మళ్ళీ సిద్ధం. ఊరిలో దొరికే వస్తువులతో, దాదాపు ఖర్చు లేకుండా తయారైన బోధనోపకరణాలివి. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు కూడా.

ఇక పుస్తకాలు. రామాయణ, భారత, భాగవతాలు అన్ని బడుల్లోనూ ఉన్నాయి. చేతిపనుల వారి పిల్లలు వీటితోపాటు విశ్వకర్మ పురాణం, నాగలింగ కథ వంటివి చదివేవారు. లింగధారుల పిల్లలు బసవ పురాణం, చెన్నబసవ పురాణం, గిరిజాకల్యాణం వంటివి చదివేవారు. వినోదానికి పంచతంత్రం, బేతాళ పంచవింశతి ఉండేవి. అంటే ఒకే చావడిలో కూర్చున్న పిల్లల చేతుల్లో వేరువేరు పుస్తకాలుండేవి. కులాన్ని బట్టి, మతశాఖను బట్టి పుస్తకం మారిందంటే ఆ పుస్తకం బడిది కాదనీ, చాలావరకు పిల్లవాడి ఇంటి నుంచి వచ్చినదనీ ఊహించవచ్చు. ఈ వైవిధ్యాన్ని చూసి మురిసిపోవడం తొందరపాటు అవుతుంది. ఇంట్లో తాళపత్రం ఉన్నవాడికే అది దక్కింది. తరతరాలుగా అక్షరానికి దూరంగా ఉంచిన కులాల పిల్లలకూ, ఆ అరవై మందిని మినహాయిస్తే ఆడపిల్లలకూ అందులో చోటు లేదు.

కాంప్‌బెల్ ఎత్తిచూపిన లోపాలు రెండు. మొదటిది, నిఘంటువులు, వ్యాకరణాలు బడుల్లో అన్నిటికంటే అరుదు. ఆంధ్రదీపిక, ఆంధ్రనామసంగ్రహం వంటి అత్యవసరమైన గ్రంథాలు కనబడకపోవడానికి అతను చెప్పిన కారణాలు ప్రతుల ధర, పంతుళ్ళ పేదరికం. ఉన్న కొద్దిపాటి ప్రతులూ లేఖకుల అజాగ్రత్త వల్ల తప్పులతడకలే. రెండవది, పిల్లలు చదివే పద్యకావ్యాల భాష వేరు, మాట్లాడే భాష, వ్యవహారం నడిపే భాష వేరు. అందువల్ల పిల్లలు ఉచ్చారణ నేర్చారు గాని అర్థం నేర్వలేదు. అర్థం చెప్పగల పంతుళ్ళు కూడా కొద్దిమందే. ఆధార గ్రంథం లేని ఉపాధ్యాయుడు, అర్థంకాని పుస్తకం పట్టుకున్న విద్యార్థి: తరువాతి శతాబ్దమంతా తెలుగు విద్య ఈ రెండింటి చుట్టూనే పెనుగులాడింది.

అచ్చు తెచ్చిన ఏకరూపత

1820లో మద్రాసు స్కూలు బుక్ సొసైటీ ఏర్పడింది. 1832 ప్రాంతంలో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్షను కూర్చాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. అది పెరిగి పెద్దబాలశిక్షగా ఇంటింటి పుస్తకమైంది. అక్షరాలు, గుణింతాలు, ఎక్కాలు, సంవత్సరాల పేర్లు, నక్షత్రాలు, నీతివాక్యాలు, సామెతలు, భూగోళ విషయాలు అన్నీ ఒకే అట్టల మధ్య ఇమిడాయి. దాని మీద నేటికీ ఉన్న మమకారం అర్థం చేసుకోదగినదే. పుస్తకాలు కొనలేని పంతులుకు అది ఒక గ్రంథాలయానికి బదులుగా పనిచేసింది. దాని బలమూ బలహీనతా ఆ ‘బదులు’లోనే ఉన్నాయి. అన్నీ ఉన్న పుస్తకం చేతిలో ఉన్నప్పుడు మరో పుస్తకం కోసం వెదికే అవసరం కనబడదు.

చిన్నయసూరి నీతిచంద్రిక (1853), బాలవ్యాకరణం (1858) కాంప్‌బెల్ చెప్పిన వ్యాకరణాల కొరతను ఒక విధంగా తీర్చాయి. సి. పి. బ్రౌన్ నిఘంటువులు 1850లలో వెలువడ్డాయి. బ్రౌన్ అంతకుముందే కడపలోనూ మచిలీపట్నంలోనూ ఉచిత పాఠశాలలు నడిపాడు. చెల్లాచెదురైన తాళపత్రాలను సేకరించి, పండితులకు జీతాలిచ్చి పాఠాలను పరిష్కరింపజేశాడు. తప్పులతడక ప్రతులన్న ఫిర్యాదుకు అది సూటి సమాధానం. కానీ ఆ గ్రంథాలు గ్రామ పాఠశాలకు దిగిరావడానికి చాలాకాలం పట్టింది.

ఇంతలో విద్యాశాఖ ఏర్పడింది. పాఠ్యగ్రంథ సంఘం ఆమోదించిన పుస్తకమే తరగతిలోకి వచ్చింది. దీనికి తోడు 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు రాజధానిలో ఫలితాల గ్రాంటు పద్ధతి అమలైంది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షిస్తాడు. ఉత్తీర్ణులైన వారి సంఖ్యను బట్టి బడికి డబ్బు వస్తుంది. పంతులు కూడు ఆ పరీక్షకు ముడిపడినప్పుడు పరీక్షకు రాని పుస్తకాన్ని తెరవడం అతనికి నష్టమే. పిల్లల చేతుల్లో వేరువేరు పుస్తకాలున్న చావడి పోయి, అందరి చేతిలో ఒకే పుస్తకం ఉన్న తరగతి వచ్చింది. ఇందులో లాభం లేకపోలేదు. ఇంట్లో పుస్తకం లేని పిల్లవాడికి కూడా, బడిలో అడుగుపెట్టనిచ్చినచోట, అదే పుస్తకం దొరికింది. సమానత్వమూ ఏకరూపతా ఒకే బండి మీద వచ్చాయనడం ఉచితం.

రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కందుకూరి వీరేశలింగం ఈ ఇరుకును గుర్తించినవారిలో ఒకడు. ఆయన నవలల గురించి, సంస్కరణ గురించి ఎంతో తెలిసిన మనం శరీరశాస్త్ర సంగ్రహం, జ్యోతిశ్శాస్త్ర సంగ్రహం, జంతుస్వభావ చరిత్ర వంటి రచనలను పట్టికలో పేర్లుగా దాటేస్తాం. ఇంగ్లీషు రానివారికి శాస్త్రవిషయాలను తెలుగులో అందించే ప్రయత్నాలవి. వాటిని బోధనసామగ్రి చరిత్రలో భాగంగా చదవవలసి ఉంది.

మండళ్ళు, గ్రంథమాలలు

1906లో హైదరాబాదులో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు తదితరుల పూనికతో విజ్ఞానచంద్రికా మండలి వెలసింది. మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాము లింకను జీవితచరిత్ర. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర (మొదటి భాగం 1910), కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రం ఆ మాలలోనివే. పుస్తకాల జాబితాను చూస్తే ఇది ఒక పాఠ్యప్రణాళికే అనిపిస్తుంది. చరిత్ర, శాస్త్రం, జీవితచరిత్ర, ఆర్థికశాస్త్రం అన్నీ ఉన్నాయి, అన్నీ తెలుగులో ఉన్నాయి. ఆనాటి ఉన్నత పాఠశాలలో ఈ విషయాలను ఇంగ్లీషులో చెప్పేవారన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ పని సాహసం బోధపడుతుంది. మండలి ఒక నీడ పాఠశాలను నిర్మించింది.

అయితే ఆ పాఠశాలకు విద్యార్థి ఎవరు? చందా కట్టగల వయోజనుడు. భాష సరళ గ్రాంథికం, విషయం గంభీరం. పదేళ్ళ పిల్లవాడు ఆ పుస్తకాన్ని తెరిచి చదవలేడు. అతని ఉపాధ్యాయుడు చదివి చెప్పగలడు. కాబట్టి మండలి పుస్తకాలు తరగతికి చేరాలంటే పుస్తకం కొనుక్కునే పంతులు కావాలి, లేదా పంతులుకు అరువిచ్చే గ్రంథాలయం కావాలి. కొమర్రాజు చేపట్టిన ఆంధ్రవిజ్ఞాన సర్వస్వం ‘అ’కారంతోనే ఆగిపోవడం కూడా ఈ కోణం నుంచి చూస్తే సాహిత్య చరిత్రకు మాత్రమే సంబంధించిన విచారం కాదు. 1923లో ఆయన మరణంతో, సందేహం వస్తే తెరిచి చూసుకోదగిన తెలుగు ఆధార గ్రంథం ఉపాధ్యాయుడికి మరికొన్ని దశాబ్దాలు దూరమైంది.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. అక్కడ బోధన ఉర్దూలో సాగేది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతోనే ప్రారంభమైంది. ఖాన్గీ బడులకూ సభలకూ సర్కారు అనుమతి తప్పనిసరి. అలాంటి చోట 1901 సెప్టెంబరు 1న వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం కేవలం పుస్తకాల గదులు కావు. తెలుగు బడి లేనిచోట తెలుగు బడి పని అవే చేశాయి. 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను నెలకొల్పినప్పుడు తెలుగు మాధ్యమానికి స్థానికంగా గుర్తింపు దొరకక మహారాష్ట్రలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధించవలసి వచ్చింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలను మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. పుస్తకం పాఠకుడి దగ్గరికి నడిచి వెళ్ళవలసిన కాలం అది.

కాలువ మీద పుస్తకాలు

కోస్తాలో గ్రంథాలయోద్యమం సంఘటిత రూపం తీసుకుంది. 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయం స్థాపితమైంది. 1914 ఏప్రిల్‌లో అక్కడే చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ జరిగింది. వెనకవుండి నడిపింది అయ్యంకి వెంకటరమణయ్య. మరుసటి ఏడాది నుంచి గ్రంథాలయ సర్వస్వం పత్రిక వెలువడింది. ఈ ఘట్టం గురించి ఇప్పటికే విస్తారంగా రాశారు కనుక ఇక్కడ తిరిగి చెప్పను.

బడికి సంబంధించి గమనించవలసింది ఉద్యమం ఎంచుకున్న పాఠకుడిని. అయ్యంకి, గాడిచర్లల దృష్టి ముఖ్యంగా నిరక్షరాస్యుడైన రైతు మీద, వయోజన విద్య మీద, జాతీయోద్యమం మీద ఉంది. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి ప్రాంతంలో కృష్ణా కాలువ మీద నడిపిన పడవ గ్రంథాలయం ఇందుకు అందమైన ఉదాహరణ. కాలువ పడవ మెల్లగా సాగుతుంది. ప్రయాణికులకు గంటల కొద్దీ తీరిక. ఆ తీరికను చదువుగా మార్చవచ్చని గ్రహించడంలో బోధనశాస్త్రం దాగివుంది. ఏ శిక్షణ కళాశాలా ఆయనకు అది నేర్పలేదు.

ఇలా ఊళ్ళకు పుస్తకాలు చేరుతున్న కాలంలోనే ఊరి బడి తన ఒక్క వాచకంతో వేరుగా నడిచింది. గ్రంథాలయానికి వెళ్ళే పంతులు ఉన్న ఊళ్ళో రెండూ కలిశాయి, లేని ఊళ్ళో కలవలేదు. 1948 మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం ఈ ఎడాన్ని స్థిరపరిచిందని నా అభిప్రాయం. ఎస్. ఆర్. రంగనాథన్ దీర్ఘకాలం చేసిన కృషి ఫలితంగా, విద్యామంత్రి టి. ఎస్. అవినాశిలింగం చెట్టియార్ హయాంలో వచ్చిన ఆ చట్టం గ్రంథాలయాలకు పన్ను ద్వారా స్థిరమైన ఆదాయం కల్పించింది. భారతదేశంలో అది చరిత్రాత్మకమే. ఆ ఆదాయం ప్రజా గ్రంథాలయాలది. పాఠశాల గ్రంథాలయం విద్యాశాఖ బడ్జెట్టు దయకే మిగిలింది. 1955 నాటి హైదరాబాదు చట్టమూ, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమూ ఈ బాటనే నడిచాయి.

పుస్తకం రాసుకున్న పంతులు

పుస్తకం దొరకనప్పుడు తానే రాసుకున్న ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల భాషను నేర్చుకుని, సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశాడు. సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు దాన్ని తనకు వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి నడపమని కోరాడు. సవర వ్యాకరణం 1931లో వెలువడింది. మాతృభాషలో తొలి బోధన అని నేడు విధానపత్రాల్లో కనిపించే మాటను ఆయన ఆచరణలో చూపించాడు.

గిడుగు వ్యావహారిక భాషావాదాన్ని సాధారణంగా సాహిత్యచరిత్రలో ఒక అధ్యాయంగా చదువుతాం. ఆయన ఆ వాదంలోకి వచ్చింది తరగతి గది తలుపు గుండా. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు జె. ఎ. యేట్స్ ఇంగ్లీషు బోధనలో ప్రత్యక్ష పద్ధతిని ప్రోత్సహిస్తూ, బతికున్న భాషను బతికున్నదిగానే నేర్పాలన్న ఆ సూత్రం తెలుగుకు ఎందుకు వర్తించదని ప్రశ్నించాడు. 1907 ప్రాంతంలో గిడుగు, గురజాడ, పి. టి. శ్రీనివాస అయ్యంగార్లు ఆ ప్రశ్నను అందుకున్నారు. పిల్లవాడు చదివేది అతనికి అర్థం కావడంలేదన్న కాంప్‌బెల్ మాటకు ఇది ఎనభై నాలుగేళ్ళ తరువాతి ప్రతిధ్వని. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య నాయకత్వంలో, పాఠ్యపుస్తకాల్లో వ్యావహారికాన్ని అడ్డుకుంది. గురజాడ 1914 అసమ్మతి పత్రం సాహిత్య కీర్తి కోసం సాగిన వాదం కాదు. విద్యార్థి వ్యాసం ఏ భాషలో రాయాలన్న విషయంలో సమర్పించినది. పరిషత్తు గెలవడం వల్ల పాఠ్యపుస్తకం చాలాకాలం గ్రాంథికంలోనే ఉండిపోయింది. దాని వెలుపల మాత్రం కథా, పత్రికా వ్యావహారికం వైపు నడిచాయి. పిల్లవాడికి అర్థమయ్యే తెలుగు పుస్తకం అంటే బడికి వెలుపలి పుస్తకం అన్న స్థితి ఆ విధంగా వచ్చింది.

ఆ స్థలాన్ని బాలల పత్రికలు ఆక్రమించాయి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లలకు దగ్గరై 1945లో ‘బాల’ పత్రికను తెచ్చారు. పిల్లల రచనలకూ అందులో చోటిచ్చారు. 1947 జూలైలో చందమామ వచ్చింది. తెలుగు పిల్లలు తడుముకోకుండా చదవడం ఎక్కడ నేర్చారని అడిగితే ఒక తరం మొత్తం చూపే వేలు వాచకం వైపు ఉండదు. విద్యాశాఖ సిఫారసు లేకుండా, ఎవరూ పరీక్ష పెట్టకుండా ఆ చదువు సాగింది. చందమామ భాష మీద, దాని బొమ్మల మీద మంచి పరిశోధనలే వచ్చాయి. దాన్ని బోధనసామగ్రిగా పరిశీలించవలసిన పని ఇంకా మిగిలేవుంది.

తాళం వేసిన పెట్టె

1984లో ప్రారంభమైన అప్పెప్ ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచింది. చుట్టుపక్కల బడుల పంతుళ్ళు కలిసి కూర్చుని తమ ఊరి వస్తువులతో బోధనోపకరణాలు తయారుచేసేవారు. చింతపిక్కలు, అగ్గిపెట్టెలు, పాత క్యాలెండర్లు తరగతిలోకి వచ్చాయి. మసిపూసిన కడితం తెలిసిన చరిత్రకారుడికి ఇది కొత్తగా కనిపించదు. 1987లో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన నల్లబల్ల పథకం ఒక అడుగు ముందుకు వేసి, ప్రాథమిక పాఠశాలకు ఉండవలసిన కనీస సామగ్రిలో గ్రంథాలయ పుస్తకాలను చేర్చింది. బడికి తన సొంత పుస్తకాలు ఉండడాన్ని ఇంత విస్తృతంగా ప్రభుత్వ బాధ్యతగా చేసిన పథకం అంతకుముందు లేదు.

పుస్తకాలు వచ్చాయి. వాటితోపాటు స్టాకు రిజిస్టరూ వచ్చింది. పుస్తకం చిరిగినా పోయినా లెక్క చెప్పవలసింది ప్రధానోపాధ్యాయుడు. పెట్టెకు తాళం వేయడమే అతనికి క్షేమం. తనిఖీ నాడు తీసి చూపితే చాలు, అన్నీ కొత్తవిగానే ఉంటాయి. కాంప్‌బెల్ చూసిన పంతులుకు పుస్తకం కొనే స్తోమత లేదు, ఈ పంతులుకు పుస్తకం పోగొట్టుకునే స్వేచ్ఛ లేదు. పిల్లలకు ఇచ్చిన పుస్తకం నలిగి తిరిగివస్తే దాన్ని వాడుకగా రాసుకునే గడి ఆ రిజిస్టరులో లేదు. నష్టం రాసుకునే గడి మాత్రం ఉంది.